పోయినవాళ్ల వకీళ్లు

మానవజాతి చరిత్రలో కుర్చీల పాత్ర గురించి ఇంతవరకు ఎవరూ సమగ్రంగా రాయలేదు. సింహాసనాల గురించి రాశారు, వాటి కోసం తెగిన తలల గురించి రాశారు. కానీ మా కెఫ్ ఊళ్లో, కోటగోడ కింద తిజానీ కాఫీ హోటల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, మౌల్దీ అయారీకి ఎదురుగా రోజూ సాయంత్రం ఉండే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ గురించి ఏ చరిత్రకారుడూ నోరు మెదపలేదు. నేను చరిత్ర పంతుల్ని. మా ఊరి హైస్కూల్లో చాలా ఏళ్లు మౌల్దీ పక్కగదిలోనే పాఠాలు చెప్పాను. కనక ఆ లోటు తీర్చే భారం నా మీద పడింది.

చూసేవాళ్లకి ఆ కుర్చీ ఖాళీ. మౌల్దీకి మాత్రం అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. ఒక వారం అందలూసియా ఖాజీ, ఇంకో వారం అన్నిటినీ అనుమానించిన ఫ్రెంచి పెద్దమనిషి, చలి ముదిరిన రోజుల్లో గ్రీకు ముసలాయన. మౌల్దీ తత్వశాస్త్రం పంతులు. మర్నాటి పాఠంలో ఎవరి వాదం రాబోతోందో వాళ్లని ముందురోజు సాయంత్రం ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. "తమరన్నది ఇదేనా? నేను సరిగ్గానే పట్టుకున్నానా?" అని అడిగి తేల్చుకునేవాడు. ఈ పెద్దల పేర్లు నేనిక్కడ రాయను. పేరు చెబితే మనుషులు దండం పెడతారు గానీ వినరని మౌల్దీయే అనేవాడు.

రాజధానిలోని రెండు జట్లకీ ఫుట్‌బాల్ మ్యాచి పడ్డ ఒక ఆదివారం ఆ కుర్చీకి గండం వచ్చింది. హోటల్లో కాలు పెట్టే చోటు లేదు. మాంసం కొట్టు నూరీ లోపలికొచ్చి ఒక్క చూపుతో పరిస్థితి అంచనా వేశాడు.

"సీ మౌల్దీ, ఈ కుర్చీ ఖాళీయేగా?" మావైపు 'సీ' అంటే 'గారు'.

"కాదు నూరీ. కూర్చున్నారు."

"ఎవరూ?"

"ఖాజీగారు. పోయి ఎనిమిది వందల ఏళ్లు దాటింది."

నూరీ కుర్చీ వంక చూశాడు, మౌల్దీ వంక చూశాడు. "ఆయన ఏ జట్టు?"

"ఇంకా తేల్చుకోలేదు. రెండు వైపులా వింటున్నారు."

"అయితే నిలబడి వినమనండి. ఎటూ తేల్చుకోనివాడికి కుర్చీ దేనికీ!" అని కుర్చీ ఎత్తుకుపోయాడు.

ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. మౌల్దీ మర్నాడు పొద్దున్నే నల్లబల్ల మీద 'తేల్చుకోనివాడికి కూర్చునే హక్కు ఉందా?' అని రాసి, కింద 'నూరీ, మాంసం కొట్టు' అని ఆధారం కూడా చూపించాడు. పిల్లలు రెండు గంటలు కొట్టుకున్నారు. ఖాజీగారి తరఫున ఒక కుర్రవాడు చెప్పిన జవాబు విని, నూరీ వచ్చే ఆదివారం నుంచి ఆ కుర్చీ ముట్టుకోనని మాటిచ్చాడు. ముట్టుకున్నాడనుకోండి. అది వేరే సంగతి.

ఖాజీగారి తరఫున అన్నాను. ఆ 'తరఫున' అనే మాటలోనే మౌల్దీ జీవితమంతా ఉంది.

మౌల్దీ జెరీసా ఇనప గనిలో పనిచేసినాయన కొడుకు. రాజధాని ట్యూనిస్‌లో చదివి, అక్కడే ఉండిపొమ్మని అందరూ చెప్పినా వినకుండా కెఫ్ కొండెక్కి వచ్చేశాడు. అతని పద్ధతి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, తన పెళ్లి సంబంధంలోంచి వచ్చింది. మావైపు పిల్లనడగడానికి వెళ్లినప్పుడు పెళ్లికొడుకు నోరు విప్పడు. అతని తరఫున పెద్దవాడు మాట్లాడతాడు. మౌల్దీ తరఫున వెళ్లింది పినతండ్రి బ్రాహీం, కంచరగాడిదల బేరగాడు. పిల్ల తండ్రి హాజ్ బష్షీర్ ధాన్యం వ్యాపారి. ఆయన టీ పోయించలేదు. మావైపు టీ రాలేదంటే సంబంధం లేచి గుమ్మం దాకా వెళ్లినట్టే.

"హాజ్, మీరు చెప్పడానికి మొహమాటపడుతున్నది నేనే చెప్పేస్తా" అన్నాడట బ్రాహీం. "మావాడు చదివింది ఎందుకూ పనికిరాని చదువు. జీతం వస్తుంది, ఆ జీతం పుస్తకాలకి పోస్తాడు. మీ అమ్మాయి వండిపెడితే అందులో ఉప్పుందో లేదో కూడా చెప్పలేడు. ఇదేనా మీ బాధ?"

హాజ్ తల ఊపాడు. "ఇదే. ఆ ఉప్పు సంగతి నాకు తట్టలేదు గానీ, అదీ నిజమే."

"ఆఁ. ఇప్పుడు నా జవాబు వినండి."

జవాబేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. దాని అవసరం కూడా పడలేదని మౌల్దీ అంటాడు. తన అభ్యంతరాన్ని తనకన్నా బాగా చెప్పినవాణ్ణి ఇంట్లోంచి గెంటడం ఎవరికీ చేతకాదు. టీ వచ్చింది. టీతోపాటు బాదంపప్పు వచ్చింది. ఆ ఏడే పెళ్లికూతురు లల్లా జీనా వచ్చింది.

అక్కడ గోడకి ఆనుకుని నోరు మూసుకుని కూర్చున్న పెళ్లికొడుకు ఆ సాయంత్రం తన వృత్తిరహస్యం నేర్చుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి ఏడూ బడి తెరవగానే, బాక్ పరీక్షకి కూర్చోబోయే ఆఖరి తరగతి పిల్లలకి ఒక్కొక్కరికీ పోయిన తత్వవేత్తనొకణ్ణి అప్పగించేవాడు. ఏడాది పొడుగునా ఆ పిల్లవాడు ఆయనకి వకీలు. పోయినాయన లేచొచ్చి మాట్లాడలేడు కనక వీడే మాట్లాడాలి. ఇంకెవరైనా ఆయన్ని ఖండించాలంటే, ముందు ఆయన మాటని ఆయనకన్నా బాగా చెప్పాలి. అది విని వకీలు తల ఊపాలి. తల ఊపాకే దెబ్బ. తల ఊపకపోతే మళ్లీ మొదటినుంచి.

ఈ ఒక్క నిబంధన వల్ల ఏం జరిగిందో చెబితే బయటివాళ్లు నమ్మరు. మా గోడకవతల, పదిహేడేళ్ల పిల్లలు తమకి ఒంటిమీద తేలు పాకినంత అసహ్యం కలిగించే వాదాన్ని పట్టుకుని, దాన్ని తుడిచి, నూనె రాసి, తల దువ్వి, "ఇప్పుడు బాగుందా? ఇదేనా మీవాడు?" అని అవతలి వకీలుకి చూపించేవారు. నేను ఇటుపక్క మా దేశాన్నేలిన హుసైనీ బేల వంశావళి చెబుతూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. నా తరగతిలో ఎవరూ ఎవరికీ తల ఊపేవారు కాదు. నిద్రలో ఊగేవారు.

అయినా నా అభ్యంతరం నాకుండేది.

"నువ్వు చెప్పేది చరిత్ర కాదు మౌల్దీ" అనేవాణ్ణి స్టాఫ్‌రూములో. "నీ గ్రీకు ముసలాయన నిన్నగాక మొన్న పోయిన జర్మన్‌కి జవాబు చెబుతాడు. మధ్యలో రెండువేల ఏళ్లు ఏమైనట్టు?"

"నీ దగ్గర పోయినవాళ్లు పోయినట్టే ఖమీస్. నా దగ్గర వాళ్లు జవాబు ఇంకా పూర్తి చెయ్యలేదు."

"పోనీ తత్వశాస్త్రమా అంటే అదీ కాదు" అనేది దలేందా. దలేందా రియాహీ కొత్తగా వచ్చిన తత్వశాస్త్రం టీచరు. చురుకైన పిల్ల, పొగడ్తకి లొంగదు. "మనం నేర్పాల్సింది ఆలోచించడం సీ మౌల్దీ. ఎవరెవరు ఆలోచించారో కాదు. ఈత నేర్పమంటే మీరు మునిగినవాళ్ల జాబితా చదువుతున్నారు."

"బాగుంది బిడ్డా! ఆ మాట ఇంకోసారి చెప్పు."

"పొగడకండి. కోపంగా ఉన్నాను."

"కోపంగానే చెప్పు. మునిగినవాళ్లు ఎక్కడ మునిగారో కూడా కలుపు. ఇంకా గట్టిగా ఉంటుంది."

ఇలాంటి మనిషితో పోట్లాడడం ఎంత కష్టమో లల్లా జీనాని అడగాలి. ఒకసారి వాళ్లింట్లో బోర్జ్‌గాన్ తింటూండగా, ఖర్జూరాల కింద మాంసం వెతుక్కుంటున్న నాతో ఆవిడే చెప్పింది. "పెళ్లయిన దగ్గర్నుంచీ నా ఫిర్యాదులు నాకన్నా ఈయనే బాగా చెబుతాడు సీ ఖమీస్. వంటింటి కిటికీలోంచి గాలి కొడుతోందని నేనంటే, ఆ గాలి ఎంత చల్లగా ఉంటుందో, మోకాలికి ఎక్కడ తగులుతుందో మొత్తం వర్ణిస్తాడు. నాకు కన్నీళ్లొస్తాయి. కిటికీ మాత్రం బాగుచెయ్యడు."

"అంతేనా?" అన్నాడు మౌల్దీ.

"అంతే" అని తల ఊపి, తన వాటా మాంసం కూడా ఆయన పళ్లెంలోనే వేసింది.

ఇక అసలు సంగతి. మౌల్దీ పదవీ విరమణకి రెండేళ్లుందనగా కొత్త పాఠ్యపుస్తకం వచ్చింది. ఆ పుస్తకం పేర్లమీద కాక ప్రశ్నల మీద నడుస్తుంది. నేను అంటే ఎవరు, నిజం అంటే ఏమిటి, రాజ్యం దేనికి, ఇలా. మౌల్దీ మొదటి ప్రశ్న దగ్గరే డిసెంబరు దాకా ఉన్నాడు. వకీళ్లు తల ఊపలేదు మరి. తల్లిదండ్రులు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లారు. హెడ్మాస్టరు మౌల్దీని పిలిచి తలుపు వేశాడు.

"ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు సీ మౌల్దీ. ఆయన రాసే నివేదిక బాగుంటే సరే. లేకపోతే సెలవుల తర్వాత బాక్ తరగతి దలేందాకి ఇచ్చెయ్యాలి. నా చేతుల్లో లేదు."

మౌల్దీ ఆ గదిలోంచి బయటికొచ్చి నాతో అన్న మాట నాకు గుర్తుంది, ఎందుకంటే తనకోసం ఏదైనా కావాలని ఆ మనిషి అనడం అంతకుముందు నేను వినలేదు. "ఈ తరగతి నాకు జూన్ దాకా కావాలి ఖమీస్. మిగతావన్నీ తీసుకోమను. ఇలాంటి వకీళ్లు నాకు మళ్లీ దొరకరు."

అది నిజమే. ముఖ్యంగా రబాహ్ బూజీదీ అనే అమ్మాయి. ఫ్రెంచి అనుమానాల పెద్దమనిషికి వకీలు. బస్‌స్టాండ్ దగ్గర వాళ్ల నాన్నకి లబ్లాబీ బండి ఉంది. నానబెట్టిన శనగలు, ముక్కలైన రొట్టె, పైన కారం. రబాహ్ వాదం కూడా అలాగే ఉండేది. కింద ఏముందో కనిపించదు గానీ మింగాక తెలుస్తుంది.

ఇన్‌స్పెక్టరు లుత్ఫీ గర్సల్లీ బేజా నుంచి వచ్చాడు. మంచి కోటు, మర్యాదైన మనిషి. ఆ గంట నాకు తరగతి లేదు. మౌల్దీ నన్ను వెనక బెంచీలో కూర్చోమన్నాడు. "చరిత్రకి సాక్షి ఉండాలిగా" అన్నాడు. కాసేపు పాఠం నడిచింది. నిన్నటి నేనూ ఇవాళ్టి నేనూ ఒకరేనా అని పిల్లలు గుంజుకుంటున్నారు. ఒక వకీలు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మొదటినుంచి. ఇంకోసారి అడ్డంగా ఊపాడు. గర్సల్లీ గడియారం చూసుకున్నాడు.

"క్షమించాలి. ఒక్క ప్రశ్న" అని లేచాడు. "ఇదంతా బాగుంది. కానీ ఇది తత్వశాస్త్రం కాదు, తత్వశాస్త్రపు చరిత్ర. మీరేమనుకుంటున్నారో ఒక్కరూ చెప్పలేదు."

తరగతి నిశ్శబ్దమైపోయింది. భయంతో అనుకునేరు. కాదు. అది వేటకుక్కలు వాసన పట్టినప్పటి నిశ్శబ్దం. రబాహ్ చెయ్యెత్తింది.

"సీదీ, తమరు ఎవరి వకీలు?"

"నేనా?" గర్సల్లీ నవ్వాడు. "మంత్రిత్వ శాఖ వకీల్ని అనుకో తల్లీ."

ఇక్కడ జరిగిన పొరపాటు ప్రపంచంలో ఇంకే తరగతిలోనూ జరగదు. ఇంకెక్కడి పిల్లలైనా తమ పంతుల్ని కాపాడుకోవడానికి ఇన్‌స్పెక్టరు మీద విరుచుకుపడేవారు, లేకపోతే నోరు మూసుకునేవారు. వీళ్లకి ఆ రెండూ తెలియవు. ఎదురుగా ఒక అభ్యంతరం వచ్చింది. ఖండించాలంటే ముందు దాన్ని చెప్పినవాడికన్నా బాగా చెప్పాలి. అంతే తెలుసు.

ఒక కుర్రాడు లేచి ప్రయత్నించాడు. "అంటే, పాతవాళ్ల మాటలు మనకెందుకని మీరంటున్నారు."

"అంత మోటుగా కాదు" అన్నాడు గర్సల్లీ. తల ఊపలేదు.

రబాహ్ మౌల్దీ వైపు తిరిగింది. "నేను చెప్పనా సీదీ?"

అప్పుడు మౌల్దీ ముఖం చూశాను. రాబోయేదేమిటో అతనికి అర్థమైంది. ఆపడానికి ఒక్క మాట చాలు. "చెప్పు బిడ్డా" అన్నాడు.

"తమరి మాట ఇదీ సీదీ" అంది రబాహ్. "డాక్టరు కావాలనుకునేవాడు వెయ్యేళ్ల కిందటి తప్పుడు వైద్యాలన్నీ చదవడు. ఇవాళ పనికొచ్చేది చదువుతాడు. ఒక వాదం సరైనదైతే ఎవరన్నారన్నది అనవసరం. తప్పైతే అసలు తవ్వడమే అనవసరం. మేమేమో పోయినవాళ్లని అంత గౌరవంగా మోస్తున్నాం గనక మా సొంత కాళ్లు నేలకి ఆనడం లేదు. ఈ తరగతిలో మాకు పాడె మొయ్యడం నేర్పుతున్నారు, నడవడం కాదు. అందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మోసేవాడికి తను కూడా ఆ ఊరేగింపులో పెద్దమనిషినే అనిపిస్తుంది. అందుకని దించడు. ఇదేనా సీదీ?"

గర్సల్లీ చాలాసేపు ఆ అమ్మాయినే చూశాడు. తర్వాత నిదానంగా తల ఊపాడు. "ఇదే. ఆ చివరి మాట నాకు తట్టలేదు" అన్నాడు. కలం తీసి రాసుకున్నాడు. "ఇంకో బడికి వెళ్లాలి. చాలా సంతోషం." సంచీ తీసుకుని, అందరికీ సలాం చెప్పి, వెళ్లిపోయాడు. తల ఊపాక జవాబు కూడా వినాలన్న నిబంధన ఆయనకెవరూ చెప్పలేదు.

కొరివితో తల గోక్కోవడం అనే మాట నేను చాలాసార్లు వాడాను. కొరివిని అంత పద్ధతిగా, అంత మర్యాదగా, తల ఊపించుకుని మరీ తెచ్చుకున్నవాళ్లని మాత్రం అదే చూడడం. తరగతికి విషయం అర్థమయ్యేసరికి ఇన్‌స్పెక్టరు గేటు దాటేశాడు. రబాహ్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"నేను ముంచేశాను సీదీ మిమ్మల్ని."

"ముంచావా?" మౌల్దీ ఆ అమ్మాయి బెంచీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "నా ఉద్యోగంలో ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు వచ్చారో. ఒక్కడిచేత తల ఊపించలేకపోయాను. నువ్వు ఊపించావు. కళ్లు తుడుచుకో. జవాబు ఆలోచిద్దాం."

నేను చాలామంది ధైర్యవంతుల గురించి పాఠాలు చెప్పాను. చేతిలో కత్తో వెనక సైన్యమో లేనివాడు వాళ్లలో లేడు.

నివేదిక సెలవులకి ముందే వచ్చింది. పాడె మాట అందులో అక్షరాలా ఉంది. బాక్ తరగతి దలేందాకి. నచ్చకపోతే వచ్చే గురువారంలోగా జిల్లా విద్యాశాఖలో అభ్యంతరం దాఖలు చేసుకోవచ్చు. మౌల్దీ దాన్ని స్టాఫ్‌రూములో కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదివాడు.

"నా మీద ఇంత మంచి విమర్శ ఇంతవరకు రాలేదు" అన్నాడు. "సగం ఒప్పుకుంటాను కూడా."

"ఆ మిగతా సగం రాసి పడెయ్యండి తొందరగా" అంది దలేందా. తను అప్పటికే అభ్యంతర పత్రం రాసి తెచ్చింది. మౌల్దీ పద్ధతి తప్పని రోజూ వాదించిన పిల్ల, ఆ పద్ధతిని సమర్థిస్తూ రెండు పేజీలు నింపింది. "నాకీ తరగతి ఇలా వద్దు సీ మౌల్దీ. మీరు ఓడిపోతే తీసుకుంటా. ఇది ఓడిపోవడం కాదు, గేటు వేసెయ్యడం. సంతకం పెట్టండి."

మౌల్దీ చదివాడు. అతని కళ్లు చెమర్చాయి. "చాలా బాగుంది. నాకన్నా బాగా చెప్పావు. కానీ ఇందులో గర్సల్లీ మాట ఎక్కడుంది?"

"ఆయన మాట ఆయన నివేదికలో ఉందిగా!"

"అది రబాహ్ చెప్పిన మాట. ఆయన నిలబడి తల ఊపాడంతే. తొందరలో ఊపాడేమో. ముందు ఆయన మనసులో ఉన్నదేమిటో నేను చెప్పాలి, ఆయన అవుననాలి. అప్పుడే కదా నా జవాబు."

"గురువారం గడువు!" అన్నాను నేను.

"విన్నాను ఖమీస్."

"యా రబ్బీ!" అని దలేందా తలపట్టుకుంది. "ఈ నిబంధన పిల్లలకోసం పెట్టారు. మీకోసం కాదు."

"మరి పిల్లలు చూస్తున్నారుగా" అన్నాడు మౌల్దీ.

మంగళవారం బేజా వెళ్లాం. గర్సల్లీ ఊళ్లో లేడు, తబర్కా వైపు బళ్లు చూడ్డానికి వెళ్లాడన్నారు. బుధవారం మంచు పడింది. కొండదారి మూసేశారు. గురువారమంతా మౌల్దీ తిజానీ హోటల్లో కూర్చున్నాడు. జిల్లా విద్యాశాఖ ఆ హోటలుకి రెండు వీధుల దూరంలోనే ఉంది. దలేందా రాసిన కాగితాలు నా కోటు జేబులోనే ఉన్నాయి. ఒకసారి తీసి బల్లమీద పెట్టాను. అతను వాటిని జాగ్రత్తగా మడిచి మళ్లీ నా జేబులోనే పెట్టాడు. శనివారానికి దారి తెరిచారు. మళ్లీ షేరు టాక్సీ ఎక్కాం.

దారిలో ఓ మలుపు దగ్గర బండి జర్రున జారి, ముళ్లకంప పక్కన ఆగింది. ముసలావిడొకామె గట్టిగా ప్రార్థన చదివింది. డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు.

"భయపడకు అమ్మా! అంతా పైన రాసిపెట్టే ఉంటుంది. బ్రేకులు మాత్రం సోమవారం చూపిస్తా."

మౌల్దీ నా మోచేతిని పొడిచాడు. "విన్నావా?"

"విన్నాను. దిగిపోదామా?"

"దిగడమేమిటి, ఇది రాసుకో!"

గర్సల్లీ ఇంట్లోనే దొరికాడు. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు గానీ, లోపలికి పిలిచి, నారింజపూల నీళ్లు వేసిన కాఫీ ఇచ్చాడు. మౌల్దీ కప్పు కింద పెట్టి, ఆయన అభ్యంతరాన్ని మొదలుపెట్టాడు. పాడె, వైద్యం, నేలకానని కాళ్లు. దానికి తను కొత్తగా ఇంకో రెండు బలమైన కారణాలు కూడా చేర్చాడు. గర్సల్లీ తల ఊపలేదు.

"ఇంత అందంగా లేదండీ నా మాట" అన్నాడు. "నాది ఇంకా చిన్నది. పరీక్ష గదిలో ఆ పిల్ల ఒంటరిగా ఉంటుంది. పోయినవాళ్లు రారు, మీరూ రారు. అప్పుడు తన మాట తనకి దొరక్కపోతే? అదే నా భయం. నాకూ ఓ కూతురుంది."

మౌల్దీ ముందుకి జరిగి కూర్చున్నాడు. "ఇది మేమెవ్వరం చెప్పలేదు" అన్నాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాడు, ఈసారి ఆ ఒంటరి పిల్లని మధ్యలో పెట్టి. గర్సల్లీ తల ఊపాడు.

"ఇప్పుడు నా జవాబు" అన్నాడు మౌల్దీ. "వైద్యంలో పాత పొరపాట్లు చచ్చిపోయాయి, రోగులతోపాటు. మా దగ్గర ఒక్కటీ చావలేదు. ఇందాక టాక్సీ డ్రైవరు అంతా రాసిపెట్టి ఉందన్నాడు, బ్రేకులు చూపిస్తాననీ అన్నాడు. ఆ రెండు మాటలకీ పొత్తు కుదర్చడానికి వెయ్యేళ్ల కిందట బస్రాలో పండితులు జుట్లు పట్టుకున్నారు. అతనికా సంగతి తెలియదు. తెలియకుండానే ఇద్దరి తరఫునా ఒకేసారి మాట్లాడుతున్నాడు. తనంతట తను ఆలోచిస్తున్నాననుకునేవాడు కూడా వకీలేనండీ. కాకపోతే కక్షిదారు ఎవరో తెలియని వకీలు. నేను కక్షిదారుని చూపిస్తాను. చూశాక వకాల్తా వదిలెయ్యొచ్చు. రబాహ్ వదిలేస్తుంది, నాకు తెలుసు. ఎవరి మాట మోస్తున్నాడో తెలియనివాడు దేన్ని దించుతాడు?"

గర్సల్లీ కాఫీ చల్లారిపోయింది. "మరి పరీక్ష గదిలో పిల్ల?"

"దానికి నా దగ్గర జవాబు లేదు" అన్నాడు మౌల్దీ. "ఆలోచించాలి."

బయట ఎవరో మంచు ఊడుస్తున్నారు. గర్సల్లీ లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. నివేదికలు రాసే మనుషుల ముఖాలు నాకు బాగా తెలుసు. ఆ ముఖం అప్పుడు నివేదిక రాసే మనిషిది కాదు.

"ఈ మాటలన్నీ అభ్యంతర పత్రంలో రాసివ్వండి సీ మౌల్దీ. ఆ లేదన్న జవాబుతో సహా. కింద నేనే సంతకం పెడతాను. నా నివేదిక మీద నేనే."

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"గడువు గురువారంతో అయిపోయిందండీ" అన్నాడు మౌల్దీ.

సెలవుల తర్వాత మౌల్దీకి చిన్న తరగతుల పౌరశాస్త్రం ఇచ్చారు.